పూలమ్మిన చోట ప్లాస్టిక్



మొన్న మాఘమాసంలో మా పెద్దనాయన కొడుకు బిడ్డ పెళ్లి జరిగింది. మా అన్నకు చేవెళ్ల వైపు రెండెకరాల చెలక ఉంది. ఎకరంలో బంతి, ఇరవై గుంటల్లో చామంతి వేస్తాడు. పదిహేనేళ్లుగా ఆయన ఇల్లు నడిచేది పూల మీదే. బిడ్డ చదువు కూడా ఆ పూల పైసలతోనే సాగింది.

పెళ్లి ఊరి పక్కన రోడ్డు మీది ఫంక్షన్ హాల్లో పెట్టారు. గేటు ఆర్చి నిండా పసుపు, నారింజ బంతి దండలు వేలాడుతున్నాయి. మా అన్న చేలోవే అనుకుని చేయి వేసి చూశాను. ప్లాస్టిక్. స్టేజి వెనక గోడంతా గులాబీలు, అవీ ప్లాస్టిక్. గుమ్మానికి మామిడాకు తోరణం కట్టారు, అదీ ప్లాస్టికే. వధూవరుల మెడలో దండలు, ఆడవాళ్ల జడల్లో మల్లెలు తప్ప ఆ హాల్లో చేలో పూసిన పువ్వు ఒక్కటి లేదు.

"ఏందన్నా ఇది?" అని అడిగితే ఆయన తల దించుకున్నాడు. "నేనేం జెయ్యాలె తమ్మీ. హాలోళ్ల ప్యాకేజీల గదే ఉన్నది. బయటి డెకరేషన్ పెట్టనియ్యరట. మన చేను పూలు తెస్తనన్నా వద్దన్నరు" అన్నాడు.

అదే వారం ఆయన మార్కెట్‌కు వేసిన బంతి లెక్క వినండి. తక్‌పట్టీ నా దగ్గరే ఉంది. రెండు వందల కిలోలు, కిలో పన్నెండు రూపాయలు. మొత్తం 2,400. నూటికి పది చొప్పున కమీషన్ 240. హమాలీ 60. ఆటో కిరాయి 500. తెల్లవారుజామున తెంపిన నలుగురు ఆడకూలీలకు 1,200. చేతికి మిగిలింది 400 రూపాయలు. అంటే కిలోకు రెండు రూపాయలు. నారు, ఎరువు, మందులు, డ్రిప్పు, మల్చింగ్ షీటు, రెండు నెలల కాపలా అన్నీ ఆ రెండు రూపాయల్లోనే రావాలి. మర్నాడు ఆయన పూలు తెంపించలేదు. చెట్టు మీదే వదిలేశాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మూఢం రోజుల్లోనో ఆషాఢంలోనో పూల ధర పడిపోతే ఆశ్చర్యం లేదు. పెళ్లిళ్లు ఉండవు కాబట్టి పడుతుంది. పూల రైతుకు పంచాంగమే మార్కెట్ బులెటిన్. ముహూర్తాలు చూసి రెండు నెలల ముందే నారు పోస్తాం. మరి ముహూర్తాలు దండిగా ఉన్న మాఘంలో, హాళ్లన్నీ నిండిన వారంలో బంతి కిలో పన్నెండుకు ఎందుకు పడింది? పెళ్లిళ్లు తగ్గలేదు. అలంకరణ తగ్గలేదు, ఇంకా పెరిగింది. పెరిగిన అలంకరణలో మన పువ్వుకు చోటు లేకుండా పోయింది.

పూలమ్మిన చోట కట్టెలమ్మడం అని మన పెద్దలు అంటుండేవారు. బతుకు చెడినవాడి గురించి చెప్పిన మాట అది. ఇప్పుడు కట్టెలు కూడా కాదు, పూలమ్మిన చోట ప్లాస్టిక్ అమ్ముతున్నారు.

ఖర్చు ఎవరికి తగ్గింది?

"అసలు పూలు పెడితే ఖర్చు తట్టుకోలేరు, అందుకే ప్లాస్టిక్" అని డెకరేషన్ కాంట్రాక్టర్లు చెబుతారు. ఈ మాట చాలామంది నమ్ముతున్నారు. మనలోనూ నమ్మేవాళ్లున్నారు. లెక్క వేసి చూద్దాం.

మా అన్న డెకరేషన్‌కు కట్టింది లక్షా యాభై వేలు. ఆ స్టేజిని, గేటును, పందిరిని అసలు పూలతో కట్టడానికి రెండు వందల కిలోల బంతి సరిపోతుంది. రైతుకు నిజంగా గిట్టే ధర, కిలో యాభై ఇచ్చినా పది వేలు. పాలీహౌస్ జర్బెరా వంద కట్టలు తెచ్చి, పది పువ్వుల కట్టకు నలభై ఇచ్చినా నాలుగు వేలు. రెండూ కలిపి పద్నాలుగు వేలు. దండలు గుచ్చే ఆడవాళ్లకు, కట్టే పిల్లలకు, రవాణాకు ఇంకో ఇరవై వేలు వేసుకోండి. అయినా ముప్పై నాలుగు వేలు దాటలేదు. మరి లక్షా యాభై వేలు ఎక్కడికి పోయాయి? హాలు యజమాని వాటా, కాంట్రాక్టరు లాభం, ఫ్రేములు, బట్ట, లైట్లు. రైతు వాటా సున్నా.

ప్లాస్టిక్ పువ్వు వల్ల కాంట్రాక్టరుకు ఖర్చు తగ్గింది, పెళ్లివారికి తగ్గలేదు. ఒకసారి కొన్న సెట్టును సీజనంతా ఒక హాలు నుంచి ఇంకో హాలుకు తిప్పుతారు. ప్రతి పెళ్లికీ కొత్తగా కిరాయి వసూలు చేస్తారు. నిన్నటి పెళ్లిలో వాడిన పూలే ఇవాళ మన బిడ్డ పెళ్లిలో ఉంటాయి. దుమ్ము దులిపి తగిలిస్తారు. మన ఆచారంలో వాడిన పువ్వును దేవుడికి పెట్టం, శుభకార్యంలో ముట్టం. ఇక్కడ మాత్రం ఎందరో వాడిన దండ కిందే తాళి కట్టిస్తున్నాం, దానికి లక్షలు కడుతున్నాం.

పూల ధర పెరిగిందన్న సాకు

రెండో వాదన ఇది: "దసరాకు, శ్రావణానికి పూల ధరలు ఆకాశానికి అంటుతాయి. అప్పుడు మేమెట్లా కొనాలి?"

ధర పెరిగే మాట నిజమే. దాచిపెట్టాల్సిన పని లేదు. బతుకమ్మకు, దసరాకు, దీపావళికి చామంతి ధర ఒక్కసారిగా లేస్తుంది. పండుగ దాటిన మూడో రోజుకు కూలీ గిట్టని ధరకు పడుతుంది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నట్టు ఉంటుంది. ఈ ఎగుడుదిగుళ్ల వల్ల బాగుపడే రైతు ఎవరూ లేరు. లేచిన ధర రెండు రోజులే, ఆ రెండు రోజుల్లో మన చేలో పువ్వు విచ్చుకుని ఉంటేనే దక్కుతుంది. వాన పడితే అదీ లేదు.

ఎందుకిలా జరుగుతుంది? వరిని గోదాములో పెట్టవచ్చు, పత్తిని ఇంట్లో కుప్ప పోయవచ్చు. తెంపిన బంతి మర్నాటికి మెత్తబడుతుంది. తెల్లారి నాలుగింటికి మార్కెట్‌లో క్రేటు దించాక వాపసు తెచ్చుకునే దారి లేదు. అది కొనేవాడికి తెలుసు. పూల మండలాల్లో శీతల గదులుంటే, పండుగకు నాలుగు రోజుల ముందు తెంపిన పువ్వును కాపాడుకోవచ్చు. ధర మరీ లేవదు, మరీ పడదు. కొనేవాడికీ, అమ్మేవాడికీ మేలే. శీతల గదులు కట్టకుండా ధర పెరిగిందని రైతును తప్పు పడితే ఎలా?

కేంద్రం మద్దతు ధర ప్రకటించేది 22 పంటలకు. అందులో పూలు లేవు. మద్దతు ధర లేని, త్వరగా పాడయ్యే ఉద్యాన పంటల కోసం మార్కెట్ జోక్య పథకం అని ఒకటుంది. ధర మామూలు సీజన్ కంటే పది శాతానికి మించి పడితే, రాష్ట్రం అడిగినప్పుడు కేంద్రం, రాష్ట్రం సగం సగం నష్టం భరించి రైతును ఆదుకోవాలన్నది దాని ఉద్దేశం. త్వరగా పాడయ్యే పంట అంటే పువ్వును మించింది ఏముంది? బంతి కిలో పన్నెండుకు పడిన వారంలో ఈ పథకం మాట ఎవరూ ఎత్తలేదు.

చట్టంలో వదిలిన సందు

2022 జూలై 1 నుంచి దేశమంతా కొన్ని ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులను నిషేధించారు. అంతకు ముందు ఏడాది ఆగస్టులో నిబంధనలు సవరించి ఆ జాబితా ఇచ్చారు. స్ట్రాలు, ప్లాస్టిక్ కప్పులు, పళ్లేలు, బెలూన్ల పుల్లలు, ప్లాస్టిక్ జెండాలు, వంద మైక్రాన్ల లోపు బ్యానర్లు అందులో ఉన్నాయి. ఇంకొకటి కూడా ఉంది: అలంకరణకు వాడే థర్మకోల్.

అంటే అలంకరణ పేరుతో పోగుపడే చెత్త పర్యావరణానికి చేటు అని ప్రభుత్వమే ఒప్పుకుంది. స్టేజి మీద థర్మకోల్ అక్షరాలు తప్పు. వాటి పక్కన వేలాడే ప్లాస్టిక్ బంతి దండ ఒప్పు. ఇదేం న్యాయం? బ్యానర్ మందం కొలిచే అధికారులు ప్లాస్టిక్ పూల రేకు మందం ఎప్పుడైనా కొలిచారా?

"అది ఒక్కసారి వాడేది కాదు, పదేపదే వాడతాం" అని వ్యాపారులు తప్పించుకుంటున్నారు. పదిసార్లు వాడాక ఎక్కడికి పోతుంది? రంగు వెలిసిన తర్వాత హాలు వెనక తగలబెడతారు, లేదా మన చెలకల పక్క వాగులో పడేస్తారు. వాన వస్తే చెరువుకు చేరుతుంది. ఇనుప తీగ, బట్ట, ప్లాస్టిక్, జిగురు కలిపి చేసిన వస్తువును ఏరుకునేవాళ్లు కూడా ముట్టరు. మేతకు పోయిన పశువులు నోట పెడితే మన పాడి పోతుంది.

మహారాష్ట్ర పూల రైతులు దీని మీద ఊరుకోలేదు. బొంబాయి హైకోర్టుకు వెళ్లారు. ఎమ్మెల్యేల చేత సంతకాలు పెట్టించారు. 2025లో ఆ రాష్ట్ర శాసనసభలో చర్చ జరిగి, ప్లాస్టిక్ పూలను నిషేధిస్తామని మంత్రి చెప్పే దాకా తెచ్చారు. సభలో చెప్పిన మాట వేరు, అమలయ్యే ఉత్తర్వు వేరు. అది మనకు తెలుసు. కానీ సభలో ఆ మాట అనిపించింది రైతుల ఒత్తిడే. కడియం నర్సరీలు, గుడిమల్కాపూర్ మార్కెట్, మైలవరం మల్లెలు, చిత్తూరు బంతి, చామంతి ఉన్న మన రెండు రాష్ట్రాల్లో అలాంటి ఒత్తిడి ఎందుకు రాలేదు? పువ్వును మనమే పంటగా చూడలేదు. వరి రైతు, పత్తి రైతు, మిర్చి రైతు సమస్యలు మన సభల్లో గంటలకొద్దీ వింటాం. పూల రైతు వంతు వచ్చేసరికి భోజనాల వేళవుతుంది.

పువ్వు చెత్త కాదు

"అసలు పూలు కుళ్లిపోతాయి, కంపు కొడతాయి, పారబోయడమే పని" అనేవాళ్లకు జవాబు చెప్పాలి. కుళ్లడం పువ్వు గుణం. కుళ్లితేనే ఎరువవుతుంది. తెలంగాణలో బతుకమ్మను వేల ఏళ్లో, వందల ఏళ్లో గాని, తరాలుగా చెరువులో వేస్తూనే ఉన్నాం. తంగేడు, గునుగు, బంతి నీళ్లలో కలిసిపోయాయి. ప్లాస్టిక్ కలవదు.

తిరుమల తిరుపతి దేవస్థానం స్వామికి వాడిన పూలతో అగరబత్తీలు చేయించి 2021 సెప్టెంబర్ నుంచి అమ్ముతోంది. ఆ పని ప్రతి జిల్లాలో ఎందుకు చేయకూడదు? బంతి రేకుల నుంచి రంగు తీస్తారు. గుడ్ల సొనకు పసుపు రంగు రావడానికి కోళ్ల దాణాలో కలుపుతారు. బంతి వేరు నేలలోని నులిపురుగులను తగ్గిస్తుంది. టమాటా పదహారు వరసలకు ఒక వరస బంతి వేస్తే కాయతొలుచు పురుగు బంతి మీదికి పోయి టమాటా మీద ఉధృతి తగ్గుతుందని వ్యవసాయ శాస్త్రవేత్తలే సిఫారసు చేస్తారు. నేలకు, పక్క పంటకు, కోడికి, దేవుడికి పనికొచ్చే పంట ఇది. ప్లాస్టిక్ పువ్వు వీటిలో దేనికి పనికొస్తుంది?

ఇక పాలీహౌస్ రైతుల సంగతి. తెలంగాణ ప్రభుత్వం 75 శాతం సబ్సిడీ ఇచ్చి పాలీహౌస్‌లు వేయించింది. జర్బెరా వేయండి, నగరం పక్కనే ఉంది, పెళ్లిళ్లకు అమ్ముకోండి అని అధికారులు చెప్పారు. రైతులు మిగతా వాటాకు అప్పు తెచ్చి వేశారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి, సరిగ్గా పెళ్లిళ్ల సీజన్‌లో జర్బెరాను కోసి కుప్పలు పోసి పారబోశారు. లాక్‌డౌన్ పోయింది, పెళ్లిళ్లు తిరిగి వచ్చాయి. కానీ స్టేజి మీద జర్బెరా పోయిన చోట ప్లాస్టిక్ వచ్చి కూర్చుంది. అప్పు మాత్రం రైతు మీదే ఉంది. ప్రజల డబ్బుతో పెంచిన పంటను కాపాడుకోవాల్సిన బాధ్యత ప్రభుత్వానికి లేదా?

డెకరేషన్ పిల్లలు మన శత్రువులు కాదు

ఆ పెళ్లిలో నిచ్చెన ఎక్కి దండలు కడుతున్న పిల్లగాడిని కదిలించాను. మా పక్క ఊరి వాడే. "కాకా, మునుపు ఒక్క స్టేజికి పదిమందిమి రాత్రంతా పూలు గుచ్చుతుంటిమి. ఇప్పుడు ఇద్దరం చాలు. తెచ్చుడు, తగిలిచ్చుడు, ఇప్పుకపోవుడు. మిగిలినోళ్లు కంపెనీలల్ల చేరిండ్రు" అన్నాడు.

ఈ మాట మనం బాగా అర్థం చేసుకోవాలి. ప్లాస్టిక్ పువ్వు రైతును మాత్రమే కొట్టలేదు. తెంపే ఆడకూలీని కొట్టింది. మూరలు గుచ్చి అమ్ముకునే అమ్మను కొట్టింది. దండలు కట్టే పిల్లగాడిని కొట్టింది. కాబట్టి మన కొట్లాట డెకరేషన్ పనివాళ్లతో కాదు. వాళ్లను కలుపుకునే పోవాలి.

లైట్లతో కూడా మనకు పేచీ లేదు. హాలును సీరియల్ లైట్లతో నింపుకోండి, ఎల్ఈడీలు పెట్టుకోండి, అవే లైట్లు వందసార్లు వాడుకోండి. మన చామంతి రైతులు కూడా చేలో రాత్రిళ్లు బల్బులు వేలాడదీస్తున్నారు. చామంతి రాత్రి పొడవైతేనే మొగ్గ తొడుగుతుంది. బల్బు పెట్టి రాత్రిని తగ్గిస్తే మొక్క ఏపుగా పెరుగుతుంది, అనుకున్న పండుగకు పూత వస్తుంది. ఇంత తెలివి, ఇంత కష్టం పెట్టి తెచ్చిన పువ్వును కాదని, అదే రంగు వేసిన ప్లాస్టిక్‌కు లైటు వేసి చూపించడమే మన అభ్యంతరం.

మన డిమాండ్లు

ఒకటి. నిషేధిత ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో ప్లాస్టిక్ పూలు, దండలు, తోరణాలను కేంద్రం చేర్చాలి. అది జరిగే దాకా రాష్ట్ర ప్రభుత్వాలు దేవాలయాల్లో, ప్రభుత్వ కార్యక్రమాల్లో, సర్కారు ఆఫీసుల్లో వాటిని నిలిపివేయాలి.

రెండు. బయటి పూలు, బయటి డెకరేషన్ తేవద్దని ఫంక్షన్ హాళ్లు పెట్టే షరతును రద్దు చేయాలి. హాలు లైసెన్సులోనే ఆ నిబంధన రాయాలి.

మూడు. ప్రతి పూల మార్కెట్‌లో, పూలు ఎక్కువ పండే ప్రతి మండలంలో శీతల గది కట్టాలి. కమీషన్‌ను రైతు నుంచి కాకుండా కొనుగోలుదారు నుంచి వసూలు చేయాలి. ఎలక్ట్రానిక్ కాంటా, ముద్రించిన తక్‌పట్టీ తప్పనిసరి చేయాలి.

నాలుగు. దేవాదాయ శాఖ ఆలయాలకు కావలసిన పూలను కాంట్రాక్టర్ల ద్వారా కాకుండా రైతు సహకార సంఘాల నుంచి నేరుగా, ఏడాది ఒప్పందం మీద కొనాలి.

ఐదు. పూలను పంటల బీమాలోకి, మార్కెట్ జోక్య పథకంలోకి తేవాలి. స్వామినాథన్ కమిషన్ చెప్పిన ఖర్చు మీద యాభై శాతం సూత్రం పూల రైతుకూ వర్తించాలి.

ఆరు. పూలు తెంపే, గుచ్చే మహిళలకు గుర్తింపు కార్డులు, మార్కెట్‌లో నీడ, మంచినీళ్లు, మరుగుదొడ్లు కల్పించాలి. తెల్లవారుజామున మూడింటికి వచ్చే ఆడవాళ్లకు ఇది దయ కాదు, హక్కు.

ముందు మన గుమ్మం

చివరి మాట చేదుగానే ఉంటుంది. పోయినసారి మన మండల సభ వేదిక మీద నాయకులకు ఇచ్చిన బొకేల్లో ప్లాస్టిక్ ఆకులున్నాయి. వేదిక చుట్టూ కట్టింది ప్లాస్టిక్ తోరణం. నేనూ ఆ వేదిక మీద కూర్చుని రైతుల కష్టాల మీద పావుగంట మాట్లాడాను. ఆ తోరణం నా కళ్లకు కనబడలేదు. మా ఇంటి గుమ్మానికి కూడా రెండేళ్లుగా ప్లాస్టిక్ మామిడాకులే ఉన్నాయి. పెరట్లో మామిడి చెట్టు ఉండగానే! పెళ్లి నుంచి వచ్చిన రాత్రి దాన్ని తీసేశాను.

కాబట్టి సర్కారుకు వినతిపత్రం ఇచ్చే ముందు మనం ఒక తీర్మానం చేసుకోవాలి. వచ్చే నెల గ్రామ శాఖల సమావేశాల్లో దీన్ని పెట్టండి. సంఘం సభ్యుల ఇళ్లలో పెళ్లికి, గృహప్రవేశానికి, పండుగకు ప్లాస్టిక్ పువ్వు కట్టం. సంఘం సభల్లో ఒక్క ప్లాస్టిక్ దండ కూడా వేయం. హాలు మాట్లాడుకునేటప్పుడు పైసలు కట్టకముందే పూల సంగతి తేల్చుకుంటాం. "మా పూలు మేం తెచ్చుకుంటాం" అని పదిమంది ఒక్క మాట మీద నిలబడితే ఏ హాలు యజమానైనా దిగిరాక తప్పదు. డబ్బులు తక్కువున్న ఇంట్లో స్టేజి నిండా పూలు అక్కర్లేదు. గుమ్మానికి మామిడాకులు, పందిరికి నాలుగు బంతి దండలు చాలు. మన తాతల పెళ్లిళ్లు అలాగే జరిగాయి.

మా అన్న రెండో బిడ్డ పెళ్లి వచ్చే ఏడాది. హాలు వద్దు, ఇంటి ముందే పందిరి వేద్దాం అంటున్నాడు. ఎకరం బంతి ముహూర్తానికి కోతకొచ్చేటట్టు నారు పోస్తాడట. సంఘం సభ్యులందరినీ పిలుస్తానన్నాడు. రండి. ఆ పందిరి కింద కూర్చుని మిగతా సంగతులు మాట్లాడుకుందాం.